తెర మీద ఆమెకు అరవై శాతం

టీవీ ప్రకటనల్లో ఆడవాళ్లు తక్కువగా కనిపిస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. 2019లో మన దేశంలో టీవీలోనూ యూట్యూబ్‌లోనూ వచ్చిన వెయ్యికి పైగా ప్రకటనలను యునిసెఫ్, అమెరికాలోని జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి జల్లెడ పట్టాయి. 2021లో ఆ లెక్క బయటపెట్టాయి. తెర మీద కనిపించే సమయంలో ఆడపాత్రల వాటా 59.7 శాతం, మాట్లాడే సమయంలో 56.3 శాతం. మగవాళ్లే మైనారిటీ.

మరి ఇంకేం కావాలి అంటారా? ఆ అరవై శాతంలో ఆమె ఏం చేస్తోందో చూడండి. ఇల్లు, బట్టలు శుభ్రం చేస్తూ కనిపించే ఆడపాత్రలు 4.8 శాతం, మగపాత్రలు 2.2. సరుకులు కొంటూ కనిపించేవి 4.1, 2.3. వంటా భోజనాల ఏర్పాట్లలో 5.4, 3.9. ఇంటి విషయాల్లో నిర్ణయం తీసుకునే ఆడపాత్రలు 4.9 శాతం ఉంటే మగపాత్రలు 2 శాతమే. తమ భవిష్యత్తు గురించి నిర్ణయం తీసుకునేవాళ్లను లెక్కపెడితే మాత్రం తారుమారు: మగవాళ్లు 7.3, ఆడవాళ్లు 4.8. ఏ నూనె వాడాలో ఆమె తేలుస్తుంది, ఏ దారిన వెళ్లాలో అతను తేలుస్తాడు.

శాతాలు ఇంత చిన్నవేమిటని అనుమానం రావచ్చు. ప్రకటన ఆయుష్షే అర నిమిషం. అందులో చాలామంది నవ్వి వెళ్లిపోవడానికే వస్తారు. ఏదో ఒక పని చేస్తూ గుర్తుండేవాళ్లు కొద్దిమందే. కాబట్టి అంకె ఎంత పెద్దదన్నది పక్కనపెట్టి ఇద్దరి మధ్య తేడా చూడాలి.

ఉన్నదే చూపిస్తున్నారా?

ప్రకటనలు తీసేవాళ్లను అడిగితే ఒకటే జవాబు: మేం సమాజానికి అద్దం పడుతున్నాం, ఇళ్లలో ఉన్నదే చూపిస్తున్నాం. ఈ జవాబును కొట్టిపారేయడం మనకు అలవాటు. ఒకసారి లెక్క కట్టి చూద్దాం.

ప్రకటనల అధ్యయనం జరిగిన 2019లోనే జాతీయ గణాంక కార్యాలయం దేశంలో ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. ఆ చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు చేస్తే మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. రెంటినీ గుణించి మొత్తం జనాభాకు సగటు తీస్తే ఒక్కో ఆడమనిషికి సుమారు 243 నిమిషాలు, ఒక్కో మగమనిషికి 25. దాదాపు పదింతలు. ప్రకటనల్లో శుభ్రం చేసే పనిలో తేడా ఎంత? రెండింతలు చిల్లర.

అంటే గిన్నెలు తోమే మగవాడు మన ఇళ్లలోకంటే ప్రకటనల్లోనే కాస్త ఎక్కువ కనిపిస్తున్నాడు! ఈ ఒక్క విషయంలో ప్రకటనల వాళ్ల మీద మనం వేసే నింద అన్యాయమే. 2024లో సర్వే మళ్లీ జరిగింది. ఇంటిపని చేసే ఆడవాళ్ల సమయం 289 నిమిషాలకు తగ్గింది. మగవాళ్లది కూడా 88కి తగ్గింది. ఆమె దించుకున్న బరువును అతను ఎత్తుకోలేదు.

ఇక ప్రకటనల అధ్యయనంలో మిగతా అంకెలు చూద్దాం. తల్లిదండ్రులుగా కనిపించే ఆడపాత్రలు 18.7 శాతం, మగపాత్రలు 5.9 శాతం. నిజ జీవితంలో ప్రతి బిడ్డకూ తల్లి ఒకరు, తండ్రి ఒకరు. ప్రకటనల్లో ముగ్గురు తల్లులకు ఒక తండ్రి. ఇది ఏ ఇంట్లో ఉన్న లెక్క?

తెలివైనవాళ్లుగా చూపించిన మగపాత్రలు 32.2 శాతం, ఆడపాత్రలు 26.2. నవ్వు పుట్టించే మగపాత్రలు 19.1 శాతం, ఆడపాత్రలు 11.9. మన ఇళ్లలో హాస్యం మగవాళ్ల సొత్తా? ఏ ఊళ్లోనైనా పెళ్లింట్లో కూరలు తరిగే చోట పది నిమిషాలు కూర్చున్నవాళ్లకు జవాబు తెలుసు. ‘కళ్లు చెదిరే అందం’ కోవలో చేర్చదగిన ఆడపాత్రలు 5.9 శాతం, మగపాత్రలు 0.6. దాదాపు పదింతలు. ఒంటిరంగు దగ్గరకు వస్తే తెలుపు లేదా తెలుపుకు దగ్గరి ఛాయలో ఉన్న ఆడపాత్రలు 66.9 శాతం, మగపాత్రలు 52.1. ఒకే దేశంలో, ఒకే ఇంట్లో, ఒకే అమ్మానాన్నలకు పుట్టే అన్నాచెల్లెళ్లలో చెల్లెళ్లు మాత్రమే తెల్లగా పుట్టరు కదా.

ఇంటిపని దగ్గర అద్దం అద్దంలాగే ఉంది. తెలివి, హాస్యం, రంగు, అందం దగ్గరకు వచ్చేసరికి అది చూపిస్తున్నది ఉన్నదాన్ని కాదు, అమ్మదలచుకున్నదాన్ని. ఫెయిర్ అండ్ లవ్లీ మన మార్కెట్‌లోకి వచ్చింది 1975లో. పేరులోంచి ‘ఫెయిర్’ తొలగించి ‘గ్లో’ పెట్టింది 2020లో. నలుపుంటే పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అనే కథను నలభై ఐదేళ్లపాటు ఆ పేరుతో అమ్మారు. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, పనికిరానివాళ్లుగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కి 2014లో నియమం పెట్టాకైనా ఆ కథ ముగియలేదు. కొంచెం మర్యాద నేర్చుకుంది, అంతే.

వార్తల్లో నలుగురిలో ఒకరు

ప్రకటనల్లోంచి వార్తల్లోకి వస్తే బొమ్మ తిరగబడుతుంది. ఇక్కడ ఆమె అసలు కనిపించడమే తక్కువ.

గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ అని ఒకటుంది. అయిదేళ్లకోసారి ఒక రోజు ఎంచుకుంటారు. ఆ రోజు దేశదేశాల్లో వాలంటీర్లు పత్రికలు, రేడియో, టీవీ ముందు కూర్చుని, వార్తల్లో ఎవరి పేరు వచ్చింది, ఎవరి మాట వినిపించింది, ఏ హోదాలో వినిపించింది అని లెక్కపెడతారు. మొదటిసారి 1995 జనవరి 18న 71 దేశాల్లో ఈ లెక్క జరిగింది. వార్తల్లో కనిపించిన, వినిపించిన మనుషుల్లో ఆడవాళ్లు 17 శాతం. 2010లో 24. 2015లోనూ 24. 2020లో 116 దేశాల్లో లెక్కపెడితే 25. పాతికేళ్లలో పెరిగింది ఎనిమిది శాతం పాయింట్లు. ఈ నడకన సమానత్వానికి ఇంకో 67 ఏళ్లు పడుతుందని ఆ నివేదికే తేల్చింది. అంటే 2087. ఇవాళ బడికి వెళ్తున్న పిల్లలు మనవలను ఎత్తుకునే కాలం.

ఆ కొద్దిపాటి చోటులో ఆమెను ఏం అడుగుతున్నారన్నది ఇంకా ఆసక్తికరం. 2015 లెక్కలో నిపుణులుగా మాట్లాడినవాళ్లలో ఆడవాళ్లు 19 శాతం. సొంత అనుభవం చెప్పినవాళ్లలో 38 శాతం, జనాభిప్రాయం చెప్పినవాళ్లలో 37 శాతం. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. బడ్జెట్ రోజు సాయంత్రం ఏ చానల్ అయినా పెట్టండి. స్టూడియోలో ద్రవ్యలోటు గురించి చెప్పడానికి కోటు వేసుకున్న పెద్దమనుషులు నలుగురు కూర్చుంటారు. టమాటా ధర గురించి చెప్పడానికి రైతుబజారులో సంచీ పట్టుకున్న గృహిణి ముందు మైకు పెడతారు. ఇద్దరూ మాట్లాడేది ఆర్థిక వ్యవస్థ గురించే. ఒకరిది విశ్లేషణ అవుతుంది, ఇంకొకరిది గోడు అవుతుంది. 2020 నాటికి నిపుణుల్లో ఆడవాళ్ల వాటా 24 శాతానికి చేరింది. ఈ ఒక్క గీత మాత్రం మిగతావాటికంటే త్వరగా కదిలింది.

రైతు మాటే తీసుకుందాం. 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్లలో 76.9 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. నాట్లు, కలుపు, పత్తి తీత, మిరప కోత అన్నీ వాళ్ల చేతుల మీదుగానే. పంట నష్టం వార్తకు వేసే ఫొటోలో మాత్రం తలపాగా చుట్టుకుని ఆకాశంలోకి చూసే మగవాడే ఉంటాడు. రైతు ఆత్మహత్య వార్తలో ఆమె ఫొటో పడుతుంది, ఏడుస్తూ. ఆ మర్నాటి నుంచి పొలం, అప్పు రెండూ ఆమె నెత్తిన పడతాయి. ఆ కథ రాయడానికి రెండోసారి ఆ ఇంటికి వెళ్లే విలేకరులు ఎంతమంది?

నేర వార్తల్లో వంకర ఇంకో రకం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో మహిళలపై నేరాల కింద నమోదైన కేసులు 4,45,256. అందులో అన్నిటికంటే పెద్ద వాటా, 31.4 శాతం, భర్త లేదా అతని బంధువుల క్రూరత్వం. అత్యాచారాలు 7.1 శాతం. అత్యాచార కేసుల్లోనూ నిందితుల్లో అత్యధికులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్లు. మొదటి పేజీకి ఎక్కేది చీకటి, నిర్మానుష్యమైన రోడ్డు, ముక్కూమొహం తెలియని మృగాలు. జిల్లా పేజీలో రెండు అంగుళాలతో సరిపెట్టుకునేది ‘అదనపు కట్నం కోసం వేధింపులు’. చదివినవాళ్లకు బయటి ప్రపంచం ప్రమాదం, ఇల్లు క్షేమం అనిపిస్తుంది. కూతుర్ని సాయంత్రం ఆరు తర్వాత బయటికి పంపకపోవడానికి ఆ మొదటి పేజీ ఒక కారణమవుతుంది. అంకెలు చెప్పేది దాదాపు దీనికి ఎదురు. పోనీ భార్య భర్తను చంపిందా, ఆ వార్త నాలుగు రోజులు నడుస్తుంది, యూట్యూబ్‌లో పది రోజులు నడుస్తుంది. భర్త భార్యను చంపితే ఒక రోజు.

తెలుగు పత్రికలకు ఇంకోలా రాయడం చేతకాదని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లే ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఈనాడు ఆ ఉద్యమ వార్తలకు ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఊరి పేరుతో, మనిషి పేరుతో, వాళ్ల మాటల్లోనే రాశారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. వార్త కోసమని ఆ ఆడవాళ్లను ఎవరూ బాధితులుగానో దేవతలుగానో మార్చలేదు. దుకాణం మూయించిన మనుషులుగా రాశారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో మన పత్రికలు అంత పని మళ్లీ చేసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

హీరోకు వయసు రాదు

సినిమా గురించి ఎంతైనా రాయవచ్చు, రాశారు కూడా. రెండు మూడు అంకెలతో సరిపెడతాను. జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ 2014లో పలు దేశాల జనాదరణ పొందిన సినిమాలను పోల్చినప్పుడు మాట్లాడే పాత్రల్లో ఆడవాళ్ల సగటు 30.9 శాతం. భారతీయ సినిమాల్లో 24.9.

తెలుగు తెర మీద వయసు లెక్క వేరే. 1972లో ‘బడిపంతులు’లో శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు. 1979 జులైలో వచ్చిన ‘వేటగాడు’లో ఆయన పక్కన హీరోయిన్. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు, ఆమెకు పదహారు ఇంకా నిండలేదు. ఏడేళ్లలో మనవరాలు ప్రేయసి అయింది, తాతయ్య వయసు మాత్రం వెనక్కి నడిచింది. పాత సంగతులు అనుకుంటే 2023 సంక్రాంతి గుర్తుచేసుకోండి. ఒక్క రోజు తేడాతో విడుదలైన ‘వీరసింహారెడ్డి’, ‘వాల్తేరు వీరయ్య’ రెంటిలోనూ హీరోయిన్ 1986లో పుట్టిన శ్రుతి హాసన్. హీరోలు 1960లో పుట్టిన బాలకృష్ణ, 1955లో పుట్టిన చిరంజీవి. అరవై దాటిన హీరోకు ముప్ఫైల్లో ఉన్న నాయిక. అరవై దాటిన నటి అదే సినిమాలో ఉంటే ఆమెకు దక్కేది అమ్మ వేషమో బామ్మ వేషమో.

కెమెరా వెనక మనకు మంచి చరిత్రే ఉంది. భానుమతి 1953లోనే ‘చండీరాణి’కి మూడు భాషల్లో దర్శకత్వం వహించారు. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. విజయనిర్మల 44 సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ రికార్డుకెక్కారు. వాళ్ల తర్వాత వరుస ఎందుకు పలచబడిందన్నది పరిశ్రమ పెద్దలు చెప్పాల్సిన సంగతి.

తెర నుంచి ఇంట్లోకి

ఇదంతా చూసి జనం మారతారా, చెడతారా? టీవీయే చెడగొడుతోందని తేల్చేయడం సులువు. ఆధారాలు అంత సులువుగా లేవు.

రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2001 నుంచి 2003 వరకు బిహార్, గోవా, హరియాణా, తమిళనాడు, ఢిల్లీల్లో 180 ఊళ్లను వెంటాడారు. ఆ మధ్యలో కొన్ని ఊళ్లకు కొత్తగా కేబుల్ వచ్చింది. వచ్చిన ఊళ్లను రాని ఊళ్లతో పోల్చారు. అవి అత్తాకోడళ్ల సీరియళ్లు రాజ్యమేలుతున్న రోజులు. కేబుల్ వచ్చాక ఊరు మరింత పాడైందని వాళ్లు రాస్తారని మనం అనుకుంటాం. వాళ్లకు దొరికింది వేరు: భార్యను కొట్టడం తప్పు కాదనే ఆడవాళ్ల సంఖ్య తగ్గింది, మగపిల్లాడే కావాలనే కోరిక తగ్గింది, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాట కొంత పెరిగింది. సీరియల్ కథ ఎంత పాతచింతకాయ పచ్చడైనా అందులో చదువుకున్న, ఇల్లు దాటి బయటికెళ్లే, ఎదురు మాట్లాడే పట్నపు ఆడవాళ్లు ఉన్నారు. చూసేవాళ్లు అంతవరకు ఏరుకున్నారు.

ఇక మన ఇళ్లకు వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం, ఎదురు చెప్పడం, పడకకు నిరాకరించడం, శీలం మీద అనుమానం. ఒక్కదానికైనా సబబే అన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతం.

పొదుపు సంఘాల్లో దేశానికి దారి చూపించిన రాష్ట్రాలు మనవి. ఇక్కడ ఆడవాళ్లు సంపాదించడంలో ఎప్పుడూ వెనకబడి లేరు. టీవీ లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. అయినా ఈ అంకె. దీన్ని సీరియళ్ల మీదో సినిమాల మీదో పూర్తిగా తోసేయలేం. హిమాచల్‌లో కూడా సీరియళ్లు చూస్తారు. కానీ ఆ ఏడు సందర్భాలను మళ్లీ చదవండి. వంట, ఇల్లు, పిల్లలు, అత్తమామలు. రోజూ సాయంత్రం ఏడు నుంచి పది వరకు మన చానళ్లలో మంచి కోడలి పరీక్షలు సరిగ్గా ఈ సబ్జెక్టుల్లోనే జరుగుతాయి. పరీక్ష పెట్టే హక్కు ఎవరికుందని ఏ పాత్రా అడగదు.

చట్టం కంటికి ఏం కనిపిస్తుంది

మన చట్టానికి అసభ్యత కనిపించినంత తేలిగ్గా మూస కనిపించదు. 1986లో వచ్చిన మహిళల అసభ్య చిత్రీకరణ నిషేధ చట్టం ఒంటి మీది గుడ్డ గురించి మాట్లాడుతుంది. మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యకరమైన స్టెప్పుల గురించి పరిశ్రమకు హెచ్చరిక జారీ చేసింది. మంచిదే. అయితే మన గొడవ ప్రతిసారీ నడుము కదలిక దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. ఒళ్లంతా కప్పుకుని, కన్నీళ్లు తుడుచుకుని, చెంపదెబ్బ తిని మరీ కాఫీ తెచ్చిచ్చే పాత్ర మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. నా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది ఆ రెండో పాత్రే.

నిజానికి దానికీ నియమం ఉంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ప్రకటనల నియమావళి చాలా స్పష్టంగా చెబుతుంది: స్త్రీలను అణిగిమణిగి ఉండేవాళ్లుగా చూపి, కుటుంబంలోనూ సమాజంలోనూ రెండో స్థానంలో ఉండేలా ప్రోత్సహించే ప్రకటనలు వేయకూడదు. ముప్ఫై ఏళ్లుగా ఈ వాక్యం పుస్తకంలో ఉంది. దాన్ని అక్షరాలా అమలుచేస్తే సీరియళ్ల మధ్య ప్రకటనలు సగం ఎగిరిపోతాయి.

బ్రిటన్‌లో ఇలాంటి నియమమే 2019 జూన్‌లో అమల్లోకి వచ్చింది. రెండు నెలలకే రెండు ప్రకటనలు ఆగిపోయాయి. ఒకదాంట్లో తండ్రులు తిండి ధ్యాసలో పడి చంటిపిల్లలను మరిచిపోతారు. ఇంకోదాంట్లో మగవాళ్లు సాహసాలు చేస్తుంటే ఆమె ఉయ్యాలబండి పక్కన కూర్చుని ఉంటుంది. రెండో ప్రకటన ఒక కారుది. అందులో అసభ్యత ఇసుమంత లేదు. అయినా ఆపేశారు.

మన ఆస్కి కూడా 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ఆడమనిషి ఇల్లు తుడుస్తున్నట్టు చూపించవచ్చు, తుడవడం ఆమె ఒక్కదాని బాధ్యతే అన్నట్టు చూపించకూడదు. ఆడపనో మగపనో చేసినందుకు ఎవరినీ ఎగతాళి చేయకూడదు. ఈ మార్గదర్శకాల కింద ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారులకు రుసుము లేదు, ఆస్కి వెబ్‌సైట్‌లోనే రాయవచ్చు. ఈసారి ఇంట్లో అందరూ తిని లేచాక ఆమె ఒక్కతే నవ్వుతూ గిన్నెలు తోమే ప్రకటన కనిపిస్తే చానల్ పేరు, ఉత్పత్తి పేరు, వచ్చిన సమయం రాసుకుని పంపండి. ఎందుకు అభ్యంతరమో రెండు వాక్యాలు రాస్తే చాలు.